పాండురంగం సేటు మింగిన మాట

తాండూరు గంజ్ అంగళ్ళ వెనక వీధిలో కోడి కూసిన కాసేపటికి రాళ్ళు పడే చప్పుడు మొదలయ్యేది. పెద్దమనుషులు వేపపుల్ల నములుతూ వాకిట్లో కూర్చునేవాళ్ళు, గొంతు సవరించుకునేవాళ్ళు, నాలుగు దగ్గులు దగ్గి టప్పుమని ఒక రాయి కక్కేవాళ్ళు. నోట్లోంచి జారేటప్పుడు అది చింతగింజంతే ఉండేది. నేల తగలగానే కాగిన నూనెలో వేసిన అప్పడంలా విచ్చుకుని పలకయ్యేది. చిన్న మాటయితే పీటంత పలక, పెద్ద మాటయితే తలుపు రెక్కంత పలక. ఆ తర్వాత పుక్కిలించి, మొహం కడుక్కుని, చాయ్ తాగడానికి లోపలికి పోయేవాళ్ళు.

అనాల్సిన చోట అనకుండా మింగిన మాట మర్నాడు పొద్దున రాయై బయటికొస్తుంది. తాండూరులో పుట్టినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పేవాళ్ళు కారు. పాండురంగం సేటు భార్య సత్యమ్మది మాత్రం మర్పల్లి. కాపురానికి వచ్చిన కొత్తలో మొగుడు పొద్దున్నే రాయి కక్కడం చూసి ఆమె గుండె జారిపోయింది. రైలెక్కించి వికారాబాద్ డాక్టరుకు చూపించింది. ఆయన సేటు నాలుక చూసి, "రోగం గాదమ్మా. మర్యాదస్తులకు మామూలే. మజ్జిగ తాపియ్యి," అన్నాడు. ఆయన గది మూలన కూడా కొన్ని రాళ్ళున్నాయి. వికారాబాద్ వాళ్ళకు ఎర్రమట్టి పెళ్ళల్లాంటి రాళ్ళు పడతాయి, పరుచుకోవడానికి పనికిరావు. ఆ విషయంలో తాండూరు వాళ్ళు వికారాబాద్ వాళ్ళను కాస్త చిన్నచూపు చూసేవాళ్ళు.

ఎందుకంటే తాండూరు రాళ్ళు నీలంగా, నున్నగా, అంచులు కోసినట్టుగా పడేవి. వాటిని వాకిట్లో పరుచుకునేవాళ్ళు. ఎవరి వాకిలి ఎంత నిండితే వాళ్ళు అంత పెద్దమనుషులు. సంబంధాలకు వచ్చినవాళ్ళు ముందు వాకిలే చూసేవాళ్ళు. "అబ్బ, ఏం ఓపికస్తుల కుటుంబం!" అని మెచ్చుకునేవాళ్ళు. ఈ జాతిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. తమ పిరికితనాన్ని తామే కక్కుకుని, దాన్ని కడిగి, ముగ్గేసి, నలుగురికీ చూపించుకునేవాళ్ళను ఇంకెక్కడా చూడలేదు.

నిజాం జమానాలో, రజాకార్లు తిరిగిన రోజుల్లో పడ్డ రాళ్ళను ఎవరూ తప్పు పట్టలేరు. నోరు తెరిస్తే తల లేచిపోయే కాలమది. పోలీస్ యాక్షన్ అయ్యాక ఇక రాళ్ళు ఆగిపోతాయని అందరూ అనుకున్నారు. నిజంగానే కొన్నాళ్ళు ఆగాయి. పొద్దున్నే దగ్గితే వట్టి ఉమ్మే పడింది. ఇంతలో పాత తలలే కొత్త తెల్ల టోపీలు పెట్టుకుని గంజ్‌లోకి వచ్చాయి. వాటి వెంటే రాళ్ళూ వచ్చాయి. అప్పుడు భయం మింగించింది, ఇప్పుడు అలవాటు మింగిస్తోంది. అలవాటుకొద్దీ పడ్డ రాళ్ళు ఇంకా నున్నగా ఉన్నాయని ఊళ్ళో సంతోషించారు కూడా.

పాండురంగం సేటుది ఇంటి ముందు గదిలోనే మోకులు, గడ్డపారలు, ఇనుప బకెట్లు అమ్మే దుకాణం. వీధిలో అతనిదే అందరికంటే పెద్ద వాకిలి. తూకంలో మోసం తెలియని మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. అసలు ఏ మాటా అనని మనిషి. ఏది అడిగినా "మనకెందుకు" అనేవాడు. ఆ ఒక్క మాటే పొదుపు లేకుండా వాడేవాడు. సత్యమ్మకు మాత్రం పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఒక్క గులకరాయి కూడా పడలేదు. పొరుగామె చెత్త పోస్తే అక్కడికక్కడే అడిగేది, పూజారి ప్రసాదంలో చెయ్యి పెడితే అక్కడే అనేది. "మర్పల్లోళ్ళకు నోరెక్కువ," అని వీధిలో ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. పాండురంగం తల వంచుకునేవాడు. తన వాకిట్లో ఆమె పలక ఒక్కటైనా లేకపోవడం అతనికి నామోషీగా ఉండేది.

పోలీస్ యాక్షన్ అయిన మూడో ఏడు, వానాకాలంలో ఒక పొద్దున, పాండురంగం యాలాల్ తోవలో ఉన్న బండల గనికి మోకులు తీసుకుపోయాడు. ఆ గని కైలాసం పటేలుది. తెల్ల టోపీలు వచ్చినప్పుడు అందరికంటే ముందు పెట్టుకున్నవాడు ఈ కైలాసమే. గని లోతుగా ఉంది, ఒక పక్క గోడ నిట్టనిలువుగా ఉంది. రాత్రంతా వాన పడి ఆగింది. ఆ గోడకు పైనుంచి కిందిదాకా ఒక పగులు పాకింది, చెయ్యి దూరేంత పగులు.

గుంత అంచున బాలప్ప నిలబడి ఉన్నాడు. పలకలు లేపే పనివాడు, తాండూరువాడే. మిగిలిన కూలీలంతా కన్నడ సీమ నుంచి వచ్చినవాళ్ళు.

"పటేలా, గోడ పగిలింది. గీయాల దిగుడు మంచిది గాదు," అన్నాడు బాలప్ప.

"నాకు నేర్పుతున్నవా? నోరు మూస్కొని దిగు," అన్నాడు కైలాసం.

బాలప్ప పాండురంగం వైపు తిరిగాడు. "సేటూ, నువ్వన్న జర చెప్పు. పగులు కనబడ్తలేదా?"

కనబడింది. పాండురంగానికి చాలా బాగా కనబడింది. పగులు లోంచి నీళ్ళు ఊరుతున్నాయి. చిన్నచిన్న రాళ్ళు రాలుతున్నాయి. "అవును పటేలా, పగిలింది," అంటే సరిపోయేది. చిన్నపిల్లలు కూడా అనగలిగే మాట. కైలాసం పటేలు ఏడాదికి ఎన్ని మోకులు కొంటాడో పాండురంగానికి గుర్తుకొచ్చింది. మనకెందుకు అనుకున్నాడు. మోకు చుట్ట విప్పి పురి సరిగ్గా ఉందా లేదా అని చూస్తూ నిలబడ్డాడు. ఒక గుటక వేశాడు.

బాలప్ప ఇంకాసేపు అతని మొహంలోకి చూసి, తలపాగా బిగించి, దిగాడు. అతను అడుగుకు చేరకముందే గోడ కూలింది.

కూలీలు కేకలు వేస్తూ అటూ ఇటూ ఉరికారు. తవ్వబోయినవాళ్ళను కైలాసం తిట్టి వెనక్కి లాగాడు. మధ్యాహ్నానికల్లా వాళ్ళ చేతనే ఆ గుంతను పనికిరాని రాయితో పూడ్పించాడు, ఆ సాయంత్రమే వాళ్ళందరినీ వాడి జంక్షన్‌కు పోయే రైలు ఎక్కించాడు. అప్పుడు తీరిగ్గా పాన్‌దాన్ తెరిచి, ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి పాండురంగానికి ఇచ్చాడు.

"సేటూ, ఏమన్న చూసినవా?"

పెద్దవాడు తన చేత్తో మడిచి ఇచ్చిన ఆకును కాదనడం తాండూరులో లేదు. తీసుకుంటే నోట్లో పెట్టుకోవాలి. నోట్లో ఉన్నంతసేపు మాట్లాడకూడదు, ఎదుటివాడి మీద రసం తుంపర్లు పడితే అవమానం. ఇచ్చినవాడి ముందే ఉమ్మితే అంతకంటే అవమానం. ఇంత చక్కటి మర్యాదను కనిపెట్టిన మహానుభావుడెవరో గాని, కైలాసం లాంటివాళ్ళు అతనికి గుడి కట్టాలి. పాండురంగం ఆకు తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున పాండురంగానికి రాయి ఒక పట్టాన పడలేదు. కళ్ళు ఉబ్బాయి, మెడ నరాలు తేలాయి. సత్యమ్మ వీపు మీద చరిచి చరిచి అలిసిపోయింది. చివరికి పడింది. పడి, విచ్చుకుంటూ పోయింది. ముగ్గు దాటింది, తులసికోట పక్కకు జరిగింది, గోడ తగిలాక గాని ఆగలేదు. మనిషి వెల్లకిలా పడుకుంటే ఎంత పొడుగో అంత పొడుగుంది.

"గింత పొడుగు మాట ఏం మింగినవయ్యా?" అంది సత్యమ్మ.

"ఏం లేదు. గిరాకి మాట."

"గిరాకి మాట పీటంత ఉంటది. ఇది మనిషంత ఉన్నది."

"మనకెందుకు," అన్నాడు పాండురంగం అలవాటుగా, తన రాయి గురించే.

దాన్ని వాకిట్లో పరవడానికి చోటు లేకపోయింది. దుకాణం ముందు అరుగు మీద పరిపించాడు. వచ్చినవాళ్ళంతా దాని మీద కూర్చుని, అరచేత్తో నిమిరి, ఇంత సాపు పలక తాండూరులో ఇంకోటి లేదన్నారు. పాండురంగం మొహమాటంగా నవ్వాడు. నిజం చెప్పాలంటే అతనికి లోపల కొంచెం గర్వంగానే ఉంది.

బాలప్ప ఎవతెనో వెంటేసుకుని బొంబాయి పారిపోయాడని కైలాసం ఊళ్ళో చెప్పించాడు. ఊరు నమ్మింది. నమ్మితే పని తక్కువ కదా. బాలప్ప పెళ్ళాం భాగమ్మ ఒక్కతే నమ్మలేదు. ఆమె గంజ్‌లో పప్పులు చెరిగే పనికి పోయేది. పని దిగాక ప్రతి దుకాణం ముందూ ఆగి, "నా పెనిమిటిని ఆ దినం ఎవరన్న చూసిన్రా?" అని అడిగేది. చూడలేదు, తెలియదు అనేవాళ్ళు. కొందరు నవ్వేవాళ్ళు. అత్తగారింటివాళ్ళు, మొగుణ్ణి నిలుపుకోలేని ఆడదని ఆడిపోసుకున్నారు. మొగుడు చచ్చిన ఆడదానికి ఉండే జాలి ఆమెకు లేదు, మొగుడున్న ఆడదానికి ఉండే మర్యాదా లేదు.

ఒక మధ్యాహ్నం ఆమె పాండురంగం దుకాణానికి వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆ పలక మీదే.

"సేటూ, ఆ దినం నువ్వు మోకులేసుకొని గనికి పోయినవంట గదా. మా ఆయన కనబడ్డడా?"

పాండురంగం మేకుల డబ్బాలో చెయ్యి పెట్టి మేకులు ఏరడం మొదలుపెట్టాడు. "మస్తు మంది ఉంటరు భాగమ్మా. ఎవరని యాది పెట్టుకుంట?"

"పారిపోయేటోడు గాదు సేటూ. మా బిడ్డకు గాజులు తెస్తనని పోయిండు. ఆ గుంతలనే ఉన్నడు. నాకు తెలుస్తున్నది. ఎవరన్న ఒక్కరు చూసిన్నంటే చాలు, తవ్విపిచ్చి మన్నుల పెట్టుకుంట." ఆమె అరచెయ్యి రాయి మీద ఆనించి ఉంచింది. "గీ బండ మీద కూసుంటే జర పానం కుదుటపడ్తది సేటూ. ఎందుకో ఏమో."

పాండురంగం మేకులు వదిలి లేచాడు. లోపలికి పోయి బెల్లం ముక్క తెచ్చి ఆమె కొంగులో వేశాడు. పిరికివాళ్ళకు ఉండే దయ ఇలాగే ఉంటుంది. నిజం దాచుకుని బెల్లం పెడతారు. ఆమె దండం పెట్టి పోయింది. తలుపు చాటున ఉన్న సత్యమ్మ ఇదంతా చూసింది.

"ఆమె మొగడు ఎంత పొడుగుంటుండె?" అని అడిగింది ఆ పూట అన్నం పెడుతూ.

"నాకేమెరుక?"

సత్యమ్మ చారు గిన్నె అతని ముందు ఠక్కున పెట్టి లేచిపోయింది.

గని పక్కన గుడిసెలు పనివాళ్ళకే అని, పారిపోయినవాడి పెళ్ళాం అక్కడ ఉండడానికి వీల్లేదని కైలాసం ఎత్తుకున్నాడు. గంజ్ రేకుల కొట్టం కింద పంచాయితీ పెట్టారు. పెద్దమనుషులంతా వచ్చారు, పాండురంగం ముందు వరసలో కూర్చున్నాడు. భాగమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఓ పక్కగా కూర్చుంది. ఆమె చెప్పాల్సింది చెప్పింది. పెనిమిటి పారిపోలేదని, గుంత తవ్వి చూడమని, చచ్చాడని తేలితే అతను పనిచేసిన చోట తనకు గుడిసె ఉండనియ్యమని అడిగింది. న్యాయంగానే అడిగింది. అది న్యాయమని అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

అప్పుడు పాన్‌దాన్ వరసగా తిరిగింది. ఎవరి ఆకు వాళ్ళు నోట్లో పెట్టుకున్నారు. అందరి బుగ్గలూ ఉబ్బేదాకా కైలాసం ఓపిగ్గా ఆగాడు.

"గుంత తవ్వేది లేదు. గీమె గుడిసె ఇడిచిపెట్టాలె. ఎవరికన్న ఎదురున్నదా?"

ఊఁ లేదు, ఉలుకు లేదు. పెద్దమనుషులు ఎర్రటి పెదాలు బిగించుకుని దవడలు ఆడిస్తున్నారు. గడ్డివాము ముందు పశువులు కూడా అప్పుడప్పుడూ అరుస్తాయి, వీళ్ళు అదీ చెయ్యలేదు. భాగమ్మ ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చి పాండురంగం దగ్గర ఆగింది. బాలప్ప చూసినట్టే చూసింది. ఉమ్మితే చాలు, పక్కనే మట్టి ఉంది. పాండురంగం రసం మింగాడు.

"ఎదురు లేదు," అన్నాడు కైలాసం. పంచాయితీ లేచింది. మర్నాడు పొద్దున వీధి వీధంతా రాళ్ళ చప్పుడుతో దద్దరిల్లింది.

రెండు రోజుల తర్వాత భాగమ్మ మూట నెత్తిన పెట్టుకుని, బిడ్డ చెయ్యి పట్టుకుని పాండురంగం దుకాణానికి వచ్చింది. యాలాల్‌లో అక్క ఇంటికి పోతోంది.

"సేటూ, ఒక్కటడుగుత. లేదనకు."

పాండురంగం మేకుల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

"గీ బండ నాకియ్యి. మా ఆయనకు సమాధి లేదు. ఆ గుంత మీద పరిచి, గింత పసుపు పెట్టి పోత. మనిషున్నంత పొడుగున్నది, ఆయన కోసమే కోసినట్టున్నది."

పాండురంగానికి ఊపిరి తిరిగింది. ఇంతేనా! ఆ రాయి రోజూ కళ్ళ ముందు ఉండడం ఈ మధ్య అతనికి ఇబ్బందిగానే ఉంది. దాని మీద ఎవరు కూర్చున్నా ఉలికిపడుతున్నాడు. పీడ విరగడవుతుంది, పైగా పుణ్యం. "తీస్కపో భాగమ్మా, తీస్కపో. బండి గూడ నేనే పెడ్త," అన్నాడు ఉదారంగా.

పలక ఎత్తడానికి వచ్చిన హమాలీ మొగులప్ప బుర్ర గోక్కున్నాడు. "సేటూ, మింగిన రాయిని ఇల్లు దాటియ్యొద్దంటరు గద పెద్దలు."

"ఎందుకట?"

"ఏమో. దాటియ్యొద్దంటరు అంతే. ఇంట్ల ఉన్నన్ని దినాలు గమ్మునుంటదంట."

"పాతకాలం ముచ్చట్లు. ఎత్తు," అన్నాడు పాండురంగం. వదిలించుకునే తొందరలో ఉన్నవాడికి పెద్దల మాటలు చెవికెక్కవు. అసలు ఆ మాట ఎందుకు పుట్టిందో తాండూరులో ఒక్కడైనా ఎప్పుడైనా నోరు తెరిచి అడిగి ఉంటే కదా!

బండి గనికి చేరింది. మొగులప్ప, ఇంకో ముగ్గురు హమాలీలు పలకను దించి పూడ్చిన గుంత మీద పరిచారు. భాగమ్మ పసుపు పెట్టడానికి వంగింది. అప్పుడు రాయి మాట్లాడింది.

"అవును పటేలా, పగిలింది," అంది. ఒక గుటక వేసింది. "చెయ్యి దూరుతది. నీళ్ళు ఊరుతున్నయి. బాలప్పను దించకు." మళ్ళీ గుటక. "దిగనన్నా దించినవ్. గోడ కూలింది. బాలప్ప కిందనే ఉన్నడు. నేను చూసిన."

గొంతు పాండురంగానిది. గిరాకీతో మాట్లాడే మెత్తటి గొంతు. భాగమ్మ పసుపు చేత్తోనే రాయి పక్కన కూలబడింది. చాలాసేపు ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఆమెకు ఏడవడానికి కూడా ఊరు అనుమతి ఇవ్వలేదు. ఏడుపయ్యాక కొంగు బిగించుకుంది. యాలాల్ పోలేదు.

రాయి ఆగలేదు. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా అదే మాట. అంగడికి పోయే బండ్లు ఆగి విన్నాయి. కైలాసం మనుషులు సుత్తెలతో వచ్చి కొట్టారు, దెబ్బ పడినప్పుడల్లా గొంతు ఇంకా పెద్దదయింది. చివరికి యాలాల్ దాకా వినపడింది. మొగులప్ప తోడు పోగా భాగమ్మ తహసీల్దారు ముందు నిలబడి అర్జీ చెప్పుకుంది. తహసీల్దారు పోలీసు అమీన్‌సాబ్‌ను వెంటబెట్టుకుని గనికి వచ్చాడు. కుర్చీ వేయించుకుని మొదటినుంచి చివరిదాకా విన్నాడు.

"మాట సాఫ్‌గా ఉంది. కాని రాయి సాక్ష్యం చెల్లదు. ఇది ఎవరి గొంతో మనిషి నోటితో చెప్పాలె. అప్పుడే తవ్విస్త," అన్నాడు.

పాండురంగాన్ని పిలిపించారు. ఊరంతా గుంత చుట్టూ మూగింది. అందరికీ ఆ గొంతు తెలుసు. ఏళ్ళ తరబడి ఆ గొంతుతో బేరాలు ఆడినవాళ్ళే. ఒక్కడూ పెదవి విప్పలేదు.

"సేటూ, గిది నీ గొంతేనా?" అడిగాడు తహసీల్దారు.

పాండురంగం రాయి వైపు చూశాడు. రాయి అతని మాటను అతనికంటే బాగా చెబుతోంది. పక్కనుంచి కైలాసం చెయ్యి ముందుకు వచ్చింది. వేళ్ళ మధ్య మడిచిన ఆకు ఉంది. చెయ్యి వణుకుతోంది. ఆ వణుకు చూసైనా మనిషన్నవాడికి ధైర్యం రావాలి. పాండురంగం ఆకు తీసుకున్నాడు. నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు కూడా.

"గొంతు మా ఇంటాయనది."

గుంపును తోసుకుని సత్యమ్మ ముందుకు వచ్చింది. చీర కొంగు నడుముకు దోపుకుని ఉంది. "మాట తర్వాత గుటక ఇంటున్రా? అగో, ఏసింది. ఆ గుటకతోనే నేను కాపురం చేస్తున్న. అది మా ఇంటాయనది గాదంటే, ఇన్నేండ్ల సంది నేను ఎవరికి వండి పెడ్తున్నట్టు? రాసుకోండ్రి సారూ. నా పేరు సత్యమ్మ. గా రాయి పడ్డప్పుడు నేను పక్కనే ఉన్న. ఆయన మోకులేసుకొని గనికి పోయొచ్చిన తెల్లారే పడ్డది."

పాండురంగం ఆమె కొంగు పట్టుకుని లాగబోయాడు. ఆమె చెయ్యి విదిల్చింది.

"అవును సారూ, సేటు గొంతే," అన్నాడు మొగులప్ప. ఇక అప్పుడు చూడాలి తాండూరు పౌరుషం. అవునంటే అవునని అన్ని మూలల నుంచీ అరిచారు. మాకూ అనుమానంగానే ఉండె అన్నారు. ముందే చెబుదామనుకున్నం అన్నారు. పంచాయితీలో కైలాసం పక్కనే కూర్చుని దవడలాడించిన పెద్దమనిషి అందరికంటే గట్టిగా అరిచాడు. ఆడది ఒకతె దారి తుడిచాక నడవడానికి వీళ్ళంతా శూరులే. తహసీల్దారు చెయ్యెత్తి అందర్నీ ఆపి, సత్యమ్మ, మొగులప్ప చెప్పినవి మాత్రం రాయించుకున్నాడు.

గుంత తవ్వారు. బాలప్ప అక్కడే ఉన్నాడు. తలపాగా బిగించినట్టే ఉంది. కైలాసాన్ని అమీన్‌సాబ్ వికారాబాద్ బండి ఎక్కించాడు, కేసు నడిచింది, గని ఇంకొకరి చేతికి పోయింది. గుడిసె భాగమ్మకే ఉండాలని తహసీల్దారు రాసిచ్చాడు. బాలప్పను గని పక్కన చెలకలోనే మన్ను చేసి, ఆ పలకను మీద పరిచారు. మనిషికి సమాధి దక్కగానే రాయి మాట ఆపింది.

ఆ రోజు పాండురంగం కొత్త పంచె కట్టుకుని, బంతిపూల దండ పట్టుకుని వచ్చాడు. దారిలో ఎదురైనవాళ్ళతో, "ఏమైతేనేం, నా మాట మీదనే గద కేసు నిలబడ్డది," అంటూ వచ్చాడు. ఒకరిద్దరు తల కూడా ఊపారు. సమాధి మీద దండ వేసి, అందరికీ వినపడేలా గొంతు సవరించుకున్నాడు.

"భాగమ్మా, ఇగ ఫికర్ పెట్టుకోకు. నా మాట నీకు పనికొచ్చింది. గంతే చాలు నాకు."

భాగమ్మ మట్టి అంటిన చేతులు దులుపుకుని లేచింది. కోపంగా లేదు. అతను ఇచ్చిన దండ తీసి తిరిగి అతని చేతిలో పెట్టింది.

"నీ మాటనా సేటూ? నీదైతే నీ నోట్లె ఉంటుండె. నువ్వు పారేస్కున్నవ్, నేను ఏరుకున్న. ఇప్పుడది నాది."

సత్యమ్మ భాగమ్మ బిడ్డను ఎత్తుకుని గుడిసె వైపు నడిచింది. జనం కూడా మెల్లగా ఆమె వెనకే కదిలారు. పాండురంగం దండ పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి మింగడానికి కూడా అతని దగ్గర మాట లేదు.